మూడు కిలోమీటర్లకూ కారేనా?

ప్ర: ఇంటి నుంచి ఆఫీసుకు మూడు కిలోమీటర్లు. సిటీ బస్సులో నాకు టికెట్ ఉచితం. అయినా రోజూ కారే తీస్తున్నాను. బద్ధకమంటారా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జ: మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా లెక్కెయ్యండి. కారులో ట్రాఫిక్‌తో కలిపి 12 నిమిషాలు, పార్కింగుకు 3. బస్సుకైతే స్టాపు దాకా నడక 5, ఎదురుచూపు 8, ప్రయాణం 14, దిగాక నడక 4. మొత్తం 31. అంటే సగానికి పైన బస్సు బయటే గడిచిపోతోంది. ముప్పై కిలోమీటర్లు వెళ్లేవాళ్లకు ఆ 17 నిమిషాలు లెక్కలోకి రావు. పైగా స్టాపులో నిలబడ్డ నిమిషం బస్సులో గడిచే నిమిషానికి దాదాపు రెండింతల భారమని రవాణా ప్రణాళికలు వేసేవాళ్లు లెక్క కడతారు.

ఆ 8 కూడా పావుగంటకో బస్సు తప్పకుండా వస్తేనే. ఒక బస్సు కాస్త వెనకబడితే ముందు స్టాపుల్లో జనం పోగవుతారు, అందరూ ఎక్కేసరికి అది ఇంకా ఆలస్యం. వెనక బస్సేమో ఖాళీగా వచ్చి దాన్ని అందుకుంటుంది. అరగంట పడిగాపులు కాశాక ఒకే నంబరు బస్సులు రెండు ఒకదాని వెనక ఒకటి దిగబడేది అందుకే. పాపం, డ్రైవర్ల తప్పేం లేదు.

ఇక డబ్బు. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇస్తూ తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో మీకు జీరో టికెట్. మామూలుగా లీటరుకు 16 ఇచ్చే పెట్రోలు కారు, ఇంజిన్ వేడెక్కకముందే ముగిసే ప్రయాణంలో 10 ఇస్తే గొప్ప. లీటరు 107 రూపాయలనుకుంటే రానూపోనూ 64. ఈఎంఐ, బీమా ఎలాగూ కట్టేశాం కదా అని వాటిని ఎవరూ ఇందులో కలపరు. అదే ఆఫీసు పార్కింగుకు రోజుకు 50 అడిగి చూడమనండి, బస్సు నంబర్లన్నీ గుర్తొస్తాయి!

ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకుని ఇంట్లోంచి కదలండి, కలిసొచ్చేది ఎదురుచూపులోనే. నగరంలో ఉచితం సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ దగ్గరుంచుకోండి.

ప్ర: మా బీఎస్6 డీజిల్ కారు రోజూ పిల్లల స్కూలుకు రెండు కిలోమీటర్లే తిరుగుతుంది. డీపీఎఫ్ లైటు వెలుగుతోంది.
– ఒక పాఠకుడు, విజయవాడ

జ: పొగలోని మసిని పట్టే ఫిల్టరు అది. పట్టిన మసి కాలిపోవాలంటే లోపల 600 డిగ్రీల దాకా వేడి కావాలి. రెండు కిలోమీటర్లకు ఇంజిన్ ఆయిలే సరిగా కాగదు. ముందు ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే, మసి కాల్చేందుకు ఇంజిన్ అదనంగా చిమ్మిన డీజిల్ ఆయిల్‌లోకి దిగిందని అర్థం. కాల్చే పని మధ్యలోనే మీరు పదేపదే ఇంజిన్ ఆపేస్తే జరిగేదిదే. అప్పుడు మొదట ఆయిల్ మార్పించాలి. ఆయిల్ బాగుంటే తెల్లవారుజామున గన్నవరం వైపు హైవే ఎక్కి, 60 దాటిన వేగంతో, ఒక గేరు తగ్గించి, 20 నిమిషాలు ఆపకుండా నడపండి. డీపీఎఫ్‌తో పాటు ఇంజిన్ లైటు కూడా వెలిగితే హైవే జోలికి పోకుండా నేరుగా సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లండి.