పాఠకుల సందేహాలు: కృపచేతనే రక్షణ అయితే, పరలోక బహుమానం దేనికి?

ప్రశ్న: రక్షణ కృపచేతనే కలుగుతుందని, మన క్రియల వలన కాదని మా సంఘ కాపరిగారు తరచూ బోధిస్తారు. మందిర నిర్మాణానికి చందాలు అడిగేటప్పుడు మాత్రం ఇచ్చినవారికి పరలోకంలో కిరీటం సిద్ధంగా ఉంటుందంటారు. ఈ రెండు మాటలు ఎలా పొసుగుతాయి? అసలు బహుమానం ఆశించి చేసే మేలు స్వార్థం కాదా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: కృపకూ లేఖనాధారం ఉంది, కిరీటానికీ ఉంది, చిక్కంతా కిరీటాన్ని చందా పుస్తకంతో ముడిపెట్టడంలోనే ఉంది. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో పౌలు, రక్షణ దేవుని వరమనీ, క్రియల వలన కలిగినది కాదు గనుక ఎవడూ అతిశయపడ వీలులేదనీ చెప్పి, ఆ వెంటనే, సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసులో సృష్టింపబడ్డామని అంటాడు. మనలో చాలామంది 8, 9 వచనాలను కంఠస్థం చేసి 10వ వచనాన్ని వదిలేస్తాం గానీ, పౌలు మాట పూర్తయ్యేది అక్కడే. క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు రాసినదానికీ దీనికీ వైరం లేదు.

బహుమానం గురించి మాట్లాడడానికి యేసు ఎక్కడా సంకోచించలేదు. శిష్యుడని ఒకనికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు సైతం తన ఫలం పోగొట్టుకోడని ఆయన అన్నాడు. అయితే ఆ ఫలం కూలి లెక్క కాదని మత్తయి 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట ఉపమానం స్పష్టం చేస్తుంది. పొద్దున్నే ఒక దేనారానికి (అప్పటి ఒక రోజు కూలి) ఒప్పుకొని ఎండలో కష్టపడినవారికీ, సాయంత్రం అయిదు గంటలకు వచ్చి ఒక్క గంట పనిచేసినవారికీ యజమాని అదే దేనారం ఇచ్చాడు. మన పట్టణాల్లో అడ్డా మీద నిలబడే కూలీలను చూసినవారికి ఆ చివరివారి స్థితిని విడమరచి చెప్పనక్కరలేదు: పొద్దు వాలినా పిలుపు రాలేదంటే ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగదు. యజమాని చూసింది వారి పని గంటలను కాదు, వారి అవసరాన్ని. ముందు వచ్చినవారు సణిగింది కూడా తమకు తక్కువైనందుకు కాదు, పక్కవాడికి సమానంగా అందినందుకు.

అలాగని అందరి పనీ ఒకటేనని కాదు. క్రీస్తు అనే పునాది మీద బంగారం, వెండి, వెలగల రాళ్లతో కట్టినవాని పని నిలిచి అతనికి జీతం దొరుకుతుందనీ, కర్ర, గడ్డి, కొయ్యకాలుతో కట్టినవాని పని కాలిపోయినా, అగ్నిలోనుంచి తప్పించుకున్నట్టు అతను మాత్రం రక్షింపబడతాడనీ మొదటి కొరింథీ పత్రిక 3వ అధ్యాయం చెబుతుంది. రక్షణ వేరు, బహుమానం వేరు అని ప్రొటెస్టెంటు బోధకులు అనడానికి ఇది ముఖ్యమైన ఆధారం.

ఇక కిరీటాల సంగతి. జీవకిరీటం శోధన సహించినవారికి, మరణంవరకు నమ్మకంగా ఉన్నవారికి. నీతి కిరీటం ప్రభువు ప్రత్యక్షతను అపేక్షించే వారందరికీ. మహిమ కిరీటం మందను దుర్లాభాపేక్షతో కాక సిద్ధమనస్సుతో కాసిన పెద్దలకు, అంటే కాపరులకే. ఈ వాగ్దానాల్లో ఏ ఒక్కటీ చందా మొత్తంతో ముడిపడినది కాదు. పైగా ప్రకటన గ్రంథం 4వ అధ్యాయంలో ఇరవై నలుగురు పెద్దలు తమ కిరీటాలను సింహాసనం ఎదుట వేసి, మహిమకు నీవే అర్హుడవని దేవునితో అంటారు.

స్వార్థం అన్న మీ అనుమానం న్యాయమైనదే. అయితే బహుమానం ఎలాంటి పనికి వాగ్దానం చేయబడిందో గమనించండి. విందు చేసేటప్పుడు తిరిగి పిలవగల ధనికులను కాక, బీదలను, అంగహీనులను, కుంటివారిని, గుడ్డివారిని పిలవమనీ, ప్రత్యుపకారం చేయడానికి వారి దగ్గర ఏమీ లేదు గనుక నీతిమంతుల పునరుత్థానంలో నీకు ప్రత్యుపకారం కలుగుతుందనీ లూకా 14వ అధ్యాయం చెబుతుంది. మత్తయి 25వ అధ్యాయంలో కుడివైపు నిలిచిన నీతిమంతులకైతే తాము చేసిన మేలే గుర్తులేదు, "ప్రభువా, నీవు ఆకలిగొనగా ఎప్పుడు చూశాం?" అని వారు ఆశ్చర్యంగా అడుగుతారు. లెక్క రాసుకున్నవాడు అడిగే ప్రశ్న కాదది. మనుషులు ఘనపరచాలని ధర్మం చేసినవారు తమ ఫలం అప్పటికే పొందేశారని యేసు చెప్పిన మాటను, గోడమీది పాలరాతి పలక మీదా, సీలింగు ఫ్యాను రెక్కల మీదా దాత పేరు రాయించే మన మందిరాలు ఇంకాస్త శ్రద్ధగా చదవాలని నా అభిప్రాయం.

ప్రశ్న: మా కోడలు కాథలిక్కు కుటుంబం నుంచి వచ్చింది. మేము లూథరన్లం. కాథలిక్కులు మంచి పనులతో మోక్షం కొనుక్కుంటారని మా బంధువులు అంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఆ మాట వారి అధికారిక బోధకు న్యాయం చేయదు. లూథర్ సంస్కరణకు జవాబుగా 1547లో కాథలిక్కు సంఘపు ట్రెంట్ మహాసభ చేసిన తీర్మానం కూడా, నీతిమంతునిగా తీర్చబడడానికి ముందు మనిషి చేసే ఏ క్రియా ఆ కృపను సంపాదించలేదనే చెప్పింది. ఆ తరువాత కృపలో నిలిచి చేసే సత్క్రియలకు నిజమైన యోగ్యత ఉందని వారంటారు. ఆ యోగ్యత కూడా దేవుడు ఇచ్చిన వరమేనని అదే తీర్మానం చెబుతుంది. 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కు సంఘమూ లూథరన్ ప్రపంచ సమాఖ్యా ఈ విషయంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి; 2006లో మెథడిస్టులూ దానితో ఏకీభవించారు. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలే గనుక, ఇది మీ ఇంటికి దూరమైన విషయం కాదు. ఉత్తరించు స్థలం (మరణించినవారు పరలోకానికి ముందు శుద్ధి పొందే స్థితి), దండవిముక్తి (పాపానికి మిగిలిన శిక్షను సంఘం తగ్గించడం) వంటి అంశాలలో భేదాలు ఇంకా ఉన్నాయి. వాటి గురించి బంధువులను కాక మీ కోడలినే అడిగి తెలుసుకోండి.