జాతర ఫోటోల పుస్తకం వేసుకునే ముందు

తిరుపతి

చిరంజీవి కోడలు పిల్లకు,

మామ ఆశీస్సులు. నువ్వు పంపిన పెన్‌డ్రైవ్ అందింది. మూడు రాత్రులు కూర్చుని అన్నీ చూశాను. మొక్కుకున్నవాళ్ళు రోజుకో వేషం కట్టే మన తిరుపతి గంగమ్మ జాతర, నాలుగేళ్ళవి, 1,140 ఫోటోలు. కొన్నింటి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. తోటి వేషం కట్టినాయన వీధి కొళాయి కింద కూర్చుంటే, ఇంటావిడ చెంబుతో నీళ్ళు పోస్తూ ఆయన వీపు మీది బొగ్గు రుద్ది కడుగుతున్న ఫోటో ఉంది చూడు, దాన్ని చూసి మీ అత్తను పిలిచి చూపించాను. ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపి, ప్రతి జాతరలోనూ తిరిగినవాణ్ణి. నాకు దొరకని ఫోటో అది.

"ఫోటోల పుస్తకం ఎవరూ వేయరంట మామా, నేనే వేసుకుంటా" అన్నావు ఫోన్లో. వేసుకో తల్లీ. అయితే నేను రెండు పుస్తకాలు వేశాను, మొదటిదాంట్లో బాగా దెబ్బ తిన్నాను. ఆ దెబ్బ నీకు తగలకూడదనే ఈ ఉత్తరం.

ముందు నీ పని 1,140 ఫోటోల్ని 70కి తేవడం. కంప్యూటర్లో చూస్తూ తేల్చలేవు. ముందు 300 దాకా ఏరి, వాటిని మామూలు 4×6 సైజులో ప్రింట్లు తీయించు. నేల మీద పరిచి, అటూ ఇటూ నడుస్తూ చూడు. ఒకే మాట చెప్పే ఫోటోలు రెండుంటే ఒకటి తీసెయ్. ఎండలో నిలబడి, తోపులాటలో కెమెరా పైకెత్తి తీశావు కాబట్టి కొన్ని నీకు ముద్దుగా అనిపిస్తాయి. చూసేవాళ్ళకు ఆ కష్టం కనపడదు, ఫోటో ఒక్కటే కనపడుతుంది. బాగున్న ఫోటోను పక్కన పెట్టేటప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. పెట్టు.

వరస విషయంలో నీ అదృష్టం ఏమిటంటే, జాతరే ఒక వరస ఇచ్చేసింది. చాటింపుతో మొదలై బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి వేషాల మీదుగా చివరికి అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరకడం దాకా వస్తుంది. వెన్నెముకలాగా దాన్ని అలాగే ఉంచుకో, కానీ రోజుకి ఇన్ని పేజీలని సమానంగా పంచకు. నీ దగ్గర తోటి వేషం ఫోటోలు బలంగా ఉన్నాయి, దానికి ఎక్కువ పేజీలివ్వు. దొర వేషం రోజు పెద్దగా ఏమీ దొరకలేదు, రెండు పేజీల్లో దాటించెయ్. కొళాయి దగ్గర ఫోటో అన్నిటికన్నా చివర పెట్టాలని నాకుంది. అమ్మవారి ఫోటోతో ముగించాలని నీకుండొచ్చు. పుస్తకం నీది, నువ్వే తేల్చుకో.

ఇక రంగుల దగ్గరకి వస్తాను. నేను మునిగింది ఇక్కడే.

మన జాతరలో మొదటి మూడు వేషాలున్నాయి చూడు, బైరాగికి ఒళ్ళంతా నామంకొమ్ము తెలుపు, బండకు కుంకుమ ఎరుపు, తోటికి బొగ్గు నలుపు. ప్రింటింగ్ ప్రెస్సుకి పెట్టే మూడు పరీక్షలూ అవే. నీ స్క్రీన్ వెలుతురుతో రంగు చూపిస్తుంది. ప్రెస్సు నాలుగు ఇంకులతో చూపిస్తుంది: సయాన్, మజెంటా, పసుపు, నలుపు. స్క్రీన్ మీద మండే ఎరుపులో కొంత భాగం ఈ నాలుగు ఇంకులకి అసలు అందదు. ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) ఫోటోని సీఎంవైకేకి (ఆ నాలుగు ఇంకులకి) మార్చేటప్పుడు ఆ ఎరుపు అణిగిపోయి, ముఖం మీద గీతలూ చెమటా కనపడకుండా ఒకే ముద్దగా తయారవుతుంది. నలుపు సంగతి ఇంకోలా ఉంటుంది. ఇంకు కాగితం మీద పడ్డాక కాస్త పరుచుకుంటుంది కాబట్టి చీకటి భాగాలు ఇంకా చీకటైపోతాయి. తెలుపు మరీ ఎక్కువైతే అక్కడ ఇంకు చుక్కే పడదు, ఉత్త కాగితం మిగులుతుంది. నామంకొమ్ము పూసుకున్న నుదురు, వెనకున్న సున్నం గోడ కలిసిపోతాయి.

2016లో నా మొదటి పుస్తకానికి ప్రూఫ్, అంటే నమూనా ప్రింటు, తీయించకుండా ఫైలు ఇచ్చేశాను. ప్రెస్సు పేరు ఎందుకులే, ముహూర్తం తొందర నాదే. "మన మిషన్లో రంగు బాగా వస్తుంది సార్" అన్న మాట నమ్మాను. పుస్తకాలు వచ్చాయి. బండ వేషాలన్నీ ఇటుక పొడి చల్లినట్టున్నాయి. నా ఫోటోలో ఉన్న ఒక పెద్దాయనకి కొర్లగుంటలో వాళ్ళింటికి వెళ్ళి ఒక కాపీ ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇది నేనేనా అయ్యా?" అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి ఏ పని చేస్తున్నా, ఫోటోలో ఉన్న మనిషి తనను తాను గుర్తుపడతాడా అని ఒకసారి ఆలోచిస్తాను. నువ్వూ అలాగే ఆలోచించు.

అందుకని పుస్తకం మొత్తం ప్రెస్సుకి ఇవ్వకముందే మూడు ఫోటోలు ఏరుకో: ఒక బైరాగి, ఒక బండ, ఒక తోటి. నువ్వు వాడబోయే కాగితం మీదే వాటి కలర్ ప్రూఫ్ తీయించు. ట్యూబులైటు కింద కాకుండా, పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడు. నలుపులో జుట్టు పాయలు కనపడకపోతే షాడోలు కొంచెం పైకి తియ్. ఎరుపు ముద్దయితే దాని ఘాటు తగ్గించు, వెంటనే వివరం తిరిగొస్తుంది. ఆ మూడూ కుదిరితే మిగతా 67 ఫోటోలకి టెన్షన్ అక్కర్లేదు. ఈ ప్రూఫుకి అడిగినంత డబ్బివ్వు, బేరమాడొద్దు.

కాగితం 170 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాములని బరువు లెక్క) మ్యాట్, అంటే మెరవని, ఆర్ట్ పేపర్ తీసుకో. గ్లాసీ అయితే లైటు పడినప్పుడల్లా మెరిసి ముఖం కనపడదు. మరీ పల్చని కాగితమైతే వెనక పేజీ ఫోటో నీడలా తెలుస్తుంది. అట్ట మీద నిండా నలుపు వేసి మ్యాట్ లామినేషన్ చేయిస్తే వేలిముద్రలు, గీతలు పడతాయి, కాబట్టి అట్టకి పసుపు రంగు ఎక్కువున్న ఫోటో చూసుకో.

బైండింగు కుట్టుదే కావాలని పట్టుబట్టు. జిగురు ఒక్కటే పెట్టి అతికితే ఆర్ట్ పేపర్ని అది సరిగ్గా పట్టుకోదు. నాలుగుసార్లు పూర్తిగా విప్పితే పేజీలు చేతిలోకి వస్తాయి. ఫోటోల పుస్తకాన్ని ఎవరైనా పూర్తిగా విప్పే చూస్తారు కదా. రెండు పేజీలకీ కలిపి ఒకే ఫోటో వేసేటప్పుడు మధ్య మడతలో ముఖం పడకుండా చూడు. నీ మాతంగి ఫోటోలో ముఖం సరిగ్గా నడిమధ్యలో ఉంది. అది ఒక పేజీలోనే వెయ్యాలి. పేజీ అంచుదాకా వచ్చే ఫోటోలకి నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదులు, కటింగులో పోతుంది.

సైజు లెక్క సులువే. అంగుళానికి 300 పిక్సెళ్ళు ఉండాలి. నీ 24 మెగాపిక్సెల్ కెమెరా ఫోటో 6000 పిక్సెళ్ళ వెడల్పుంటుంది, అంటే 20 అంగుళాల దాకా భయం లేదు. ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపుకున్నవి కొన్ని కలిపావు, అవి 1600 పిక్సెళ్ళకి అటూ ఇటూ ఉన్నాయి. ఐదంగుళాలు దాటి పెంచకు. అసలు ఫైళ్ళు ఫోన్లో ఉంటే అవే తీసుకో.

ఎన్ని కాపీలు? ఇక్కడే ఆశ మనిషిని పడగొడుతుంది. ప్లేట్లు చేసి అచ్చేసే ఆఫ్‌సెట్‌లో 16 పేజీలు ఒక ఫారం. ఫారానికి రెండువైపులా నాలుగేసి రంగులు, ఎనిమిది ప్లేట్లు. నీ 96 పేజీల పుస్తకం ఆరు ఫారాలు, 48 ప్లేట్లు. 100 కాపీలు వేసినా, 1,000 వేసినా ఆ 48 ప్లేట్ల ఖర్చు మారదు. అందుకే కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర తగ్గుతుంది, "ఇంకో 500 వేసుకోండి సార్, పెద్ద తేడా ఉండదు" అని ప్రెస్సులో అంటారు. ఆ లెక్కకే నేను 1,000 వేశాను. ఐదేళ్ళలో 380 పోయాయి. 2021 నవంబరులో వానలకి తిరుపతి మునిగినప్పుడు కింది గదిలో మంచం కింద ఉన్న కట్టలన్నీ నానిపోయాయి. ఆర్ట్ పేపర్ తడిస్తే పేజీకి పేజీ అతుక్కుని పలకలా గట్టిపడుతుంది, ఆరబెట్టినా విడిపోదు. మీ అత్త, నేను వాటిని బండిలో వేసి పంపించేశాం. ఆ రోజు మేమిద్దరం అన్నం తినలేదు.

నువ్వు మొదట డిజిటల్ ప్రింటింగులో 50 వేయించు. దానికి ప్లేట్లు ఉండవు, కాబట్టి తక్కువ కాపీలకి అదే గిట్టుబాటు. ఒక్కో కాపీ ధర ఎక్కువే పడుతుంది, పడనీ. ఆ 50 నలుగురి చేతుల్లో తిరిగేలోపు తప్పులన్నీ బయటపడతాయి. తర్వాత ఎంతమంది ముందుగా డబ్బు కడతారో చూసుకుని ఆఫ్‌సెట్‌కి వెళ్ళు. వెనకటి కవులు చందాదారుల్ని చేర్చుకుని పుస్తకాలు అచ్చేసుకున్నారు, అందులో నామోషీ ఏమీ లేదు. చెన్నై మనకి మూడు నాలుగు గంటల దూరం. ఎక్కడ వేయించినా మొదటి ఫారం మిషన్ ఎక్కేరోజు నువ్వు అక్కడ ఉండు. ఇంకు ఎక్కువ తక్కువలు అప్పటికప్పుడు సరిచేయించొచ్చు.

రాత గురించి కూడా చెప్పాలి. ప్రతి ఫోటో కింద వేషం పేరు, వీధి, సంవత్సరం ఉండాలి. కవిత్వం వద్దు. ఇరవై ఏళ్ళ తర్వాత చూసేవాడికి ఆ మూడే కావాలి. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు పెట్టే) వాళ్ళు చాలామంది ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే చేస్తారు. నువ్వు యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే మార్చేటప్పుడు ఒత్తులు, అరసున్నలు చెదిరిపోతాయి. మండలి లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి, వాటిలోనే చేయమని అడుగు. పీడీఎఫ్‌లో ఫాంట్ ఎంబెడ్ అయిందో లేదో, అంటే ఆ ఫైల్లోనే ఇమిడి ఉందో లేదో చూసుకో. ఆఖరి ప్రూఫు నువ్వు చదవకు, నీ కళ్ళకి తప్పులు కనపడవు. మీ అమ్మ చేత చదివించు.

అనుమతి మాట మరువకు. వేషం కట్టిన మగవాళ్ళు కొందరు చీరలో ఉన్న తమ ఫోటో పుస్తకంలో వద్దంటారు. మొక్కు వాళ్ళదీ అమ్మవారిదీ, మధ్యలో మనం కెమెరాతో వచ్చినవాళ్ళం. వద్దంటే తీసెయ్. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడుగు. ఇంకొకటి, నువ్వు పోయినేడు ఒక కుటుంబం డబ్బిచ్చి పిలిస్తే వెళ్ళి తీసిన ఫోటోలు తొమ్మిది ఇందులో ఉన్నాయి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే అలా డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల హక్కు వాళ్ళదే, నీది కాదు. వాళ్ళ దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకో. మిగతావన్నీ నీవే. నీ జీవితకాలమంతా, ఆ తర్వాత ఇంకో 60 ఏళ్ళ దాకా ఆ హక్కు నిలుస్తుంది.

ఐఎస్‌బీఎన్ ఉచితమే. రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్లో నువ్వే రచయితగా, ప్రచురణకర్తగా దరఖాస్తు పెట్టొచ్చు. దానికి డబ్బడిగే మధ్యవర్తులకి ఇవ్వకు. కొంత సమయం పడుతుంది కాబట్టి ఇప్పుడే పెట్టు. పుస్తకం వచ్చిన 30 రోజుల్లోపు కలకత్తా జాతీయ గ్రంథాలయానికి ఒక కాపీ, చెన్నై కన్నెమరా, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకి ఒక్కోటి పంపాలని 1954 నాటి చట్టం ఉంది. చాలామంది పంపరు. నువ్వు పంపు. మన గంగమ్మ జాతర ఆ నాలుగు చోట్లా భద్రంగా ఉంటుంది.

మొదటి 50లో ఇరవై అమ్మకానికి పెట్టకు, ఫోటోల్లో ఉన్నవాళ్ళకి పక్కన పెట్టు. పోస్టులో పంపడం కాదు, ఇంటికి వెళ్ళి చేతికివ్వు. కొర్లగుంట పెద్దాయన నా రెండో పుస్తకం వచ్చేసరికి లేడు. అందులో ఆయన ఫోటోని సరైన ఎరుపుతో మళ్ళీ వేశాను. కొడుకు తీసుకుని, పటాల పక్కన పెట్టాడు.

వచ్చే ఆదివారం 4×6 ప్రింట్లు తీసుకుని రా. ముందుగది ఖాళీ చేయించి ఉంచుతాను. ఎండగా ఉన్నా ఫ్యాన్ వేయొద్దు, ప్రింట్లన్నీ లేచిపోతాయి. పొద్దున్నే వచ్చేయ్, మీ అత్త పులిబొంగరాలు చేస్తానంది.

మీ మామ