బీఎస్సీ మైక్రోబయాలజీ తర్వాత డిజైన్ వైపు పోవచ్చా? కావలి అమ్మాయికి జవాబు

కావలిలో ఫైనలియర్ చదివే అమ్మాయి అడిగింది: "సార్, రోగాలు ప్రబలినప్పుడు వాట్సాప్‌లో తిరిగే తప్పుడు మాటల్ని ఎదుర్కొనేదానికి హ్యూమన్ సెంటర్డ్ డిజైన్ (వాడే జనాన్నే అడిగి, వాళ్లకి తగ్గట్టు తయారుచేసే పద్ధతి) వాడతారంట, నేను బొమ్మలు బాగా వేస్తా, అది నిజంగా ఉద్యోగమేనా, నాన్నేమో బీఎడ్ చెయ్యమంటున్నాడు."

ఉద్యోగమే తల్లీ. కాకపోతే బొమ్మలేసేది ఆఖర్న వచ్చే పని, ముందంతా జనం దగ్గర కూర్చొని వినడమే.

మన నెల్లూరు జిల్లాలోనే చూడు, 2024 ఫిబ్రవరిలో చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది గదా. అట్టాంటప్పుడు కోడికూర 70 డిగ్రీల్లో ఉడికిస్తే వైరస్ చచ్చిపోద్ది అని చెప్తారు, అది కరెక్టే, కానీ మన వంటింట్లో థర్మామీటర్ యాడుంది? అదే నలుగురు ఆడోళ్లతో కూర్చొని కూర ఉడికిందని ఎట్టా చూస్తారమ్మా అని అడిగితే ముక్క తుంచి లోపల ఎర్రగా లేకుండా చూస్తాం అని వాళ్లే చెప్తారు, ఇంక మెసేజ్ ఆ మాటల్లోనే రాసి మళ్లీ వాళ్లకే చూపించి, నీకేం అర్థమైందో చెప్పక్కా అని అడగాలి, తేడా వస్తే మార్చాలి, మళ్లీ చూపించాలి. అసలు పని ఇదే.

2021 మేలో కరోనాకని ఆనందయ్య ఇచ్చిన కృష్ణపట్నం మందు కోసం జనం ఎగబడితే వాళ్లని తెలివిలేనోళ్లు అన్నారు చాలామంది, నాకు చాలా బాధేసింది. ఆస్పత్రిలో బెడ్ దొరక్క, ఆక్సిజన్ దొరక్క అల్లాడే మనిషి ఇంకేం చేస్తాడు? ఆ భయం ఏందో తెలుసుకోకుండా నమ్మొద్దు అని పోస్టర్ అంటిస్తే ఎవరూ చూడరు. పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా (శవాన్ని తాకినా అంటుకునే రోగం) అప్పుడు కూడా సూట్లేసుకున్న టీములు శవాల్ని తీసుకుపోతుంటే జనం వాటిని ఇళ్లల్లో దాచిపెట్టారు, 2014 నవంబర్లో డబ్ల్యూహెచ్‌ఓ అంత్యక్రియలకి కొత్త పద్ధతి ఇచ్చింది, ఇంటోళ్లు దూరంగా నిలబడి చూసేట్టు, ప్రార్థన చేసుకునేట్టు. జనాన్ని తిట్టలా, పద్ధతే మార్చుకున్నారు.

ఇంక చదువు. డిజైన్ అంటే సీడ్ (CEED) అనే ఎంట్రన్స్ రాసి ఎం.డిజైన్, ఐఐటీ హైదరాబాద్‌లో కూడా ఉంది, మూడేళ్ల డిగ్రీ ఉంటే రాయొచ్చు. పబ్లిక్ హెల్త్ అంటే ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), హైదరాబాద్‌లోనే ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్), సెంట్రల్ యూనివర్సిటీ ఉండాయి, ఎలిజిబిలిటీ ప్రాస్పెక్టస్‌లో చూసుకో. నీ మైక్రోబయాలజీ వృథా కాకూడదంటే ఎంపీహెచ్ మేలని నా అభిప్రాయం, డిజైన్ పని చేస్తా నేర్చుకోవచ్చు. ఉద్యోగాలు యూనిసెఫ్‌లో, ఎన్జీవోల్లో సోషల్ అండ్ బిహేవియర్ చేంజ్ (జనం అలవాట్లలో మార్పు తెచ్చే పని) అనే పేరుతో ఎక్కువొస్తాయి, చాలావరకు కాంట్రాక్టువే, ఈ సంగతి నాన్నకి ముందే చెప్పు, ఆయన భయం కూడా న్యాయమైందే గదా. బీఎడ్ ఎంట్రన్స్ ఎడ్‌సెట్ కూడా రాసి పెట్టుకో.

ఈలోపు మీ వీధి ఆశా అక్కతో నాలుగిళ్లు తిరిగి డెంగీ గురించి ఎవరేం నమ్ముతున్నారో వాళ్ల మాటల్లోనే రాసుకో, దాన్ని బట్టి ఒక పోస్టర్ వేసి, చూపించి, మార్చినవన్నీ దాచిపెట్టు. ఇంటర్వ్యూలో అయ్యే చూపించాలి.