ప్రొగ్రెసివ్ అద్దాలు: కొనాలా వద్దా, కొంటే ఎక్కడ?

ప్రశ్న: నా వయసు 46. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతున్నాను. దూరానికి రెండు కళ్లకూ మైనస్ 0.75 ఉంది. ఈమధ్య చదవడానికి విడిగా ఇంకో జోడు రాశారు. చీటీలో యాడ్ ప్లస్ 1.50 అని ఉంది. ఒక్కో పీరియడులో పదిసార్లు ఒక జోడు తీసి మరొకటి పెట్టుకోవలసి వస్తోంది. ఊళ్లోని కళ్లజోళ్ల షాపులో దూరానికీ చదవడానికీ ఒకే జోడులో పనికొచ్చే ప్రొగ్రెసివ్ వేయించుకోమని, మామూలు రకం 4,800, మేలు రకం 14,500 రూపాయలని చెప్పారు. మా స్కూల్లోనే మరో టీచరుగారు అవి వేయించుకొని, కళ్లు తిరుగుతున్నాయని బీరువాలో పెట్టేశారు. నేను కొనవచ్చా? కొంటే ఇక్కడే కొనాలా, గుంటూరులో పెద్ద షోరూముకు వెళ్లాలా, ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చేవి తెప్పించుకోవాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: కొనవచ్చు. మీ వయసుకు, మీ పనికి, మీ చీటీలోని అంకెలకు ఈ అద్దాలు బాగా సరిపోతాయి. అయితే మీ ప్రశ్నలో ధరకు ఇచ్చిన చోటు కొలతకు ఇవ్వలేదు. నేను ముందుగా చెప్పదలచింది దాని గురించే.

నలభై దాటాక కంటిలోని సహజ కటకం మెత్తదనం కోల్పోయి, దగ్గరి వస్తువు మీదికి చూపు సర్దుకోలేకపోవడమే చత్వారం. ఇది జబ్బు కాదు, ఎవరికీ తప్పేదీ కాదు. దూరపు పవర్‌కు అదనంగా ఎంత కలిపితే దగ్గరిది కనిపిస్తుందో ఆ అంకెనే యాడ్ అంటారు. మీ విషయంలో మైనస్ 0.75కు ప్లస్ 1.50 కలిపితే ప్లస్ 0.75 అవుతుంది, అదే మీ చదువుకొనే జోడు పవరు. ఈ యాడ్ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతూ అరవై ప్రాంతానికి సాధారణంగా 2.50 దగ్గర నిలుస్తుంది. బైఫోకల్‌లో పైన దూరానికి ఒక పవరు, కింద గీత దాటగానే దగ్గరికి మరో పవరు ఉంటాయి, మధ్యలో ఏమీ ఉండదు. ప్రొగ్రెసివ్‌లో గీత ఉండదు. పై భాగంలో దూరపు పవరు ఉండి, కంటిపాపకు ఎదురుగా ఉన్న చోటి నుంచి కిందికి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా మారుతూ అడుగున చదువుకొనే పవరుకు చేరుతుంది. 1959లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మెతెనాజ్ రూపొందించిన వారిలక్స్‌తో ఇవి బజారులో నిలదొక్కుకున్నాయి.

మీ తరగతి గదిలో చివరి బెంచీ ఏడెనిమిది మీటర్ల దూరాన ఉంటుంది, చేతిలోని నోటుపుస్తకం నలభై సెంటీమీటర్ల దూరాన ఉంటుంది, వరుసల మధ్య తిరుగుతూ ఒక పిల్లవాడి లెక్క మీదికి వంగినప్పుడు అది ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఈ మూడూ నిమిషానికోసారి మారే ఉద్యోగానికి ప్రొగ్రెసివ్‌ను మించినది లేదు. రోజంతా ఒకేచోట కూర్చుని ఒకే దూరంలో పనిచేసే దర్జీకో, గుమాస్తాకో అయితే బైఫోకల్ గాని, ఒట్టి రీడింగు జోడు గాని చాలని చెప్పి డబ్బు మిగల్చమనేవాణ్ణి.

ఇక మీ సహోద్యోగికి కళ్లు ఎందుకు తిరిగాయన్న సంగతి. ఈ అద్దంలో పవరు నిలువుగా ఎంత వేగంగా మారుతుందో, పవరు మారే ఆ మధ్యదారి నుంచి పక్కకు జరిగేకొద్దీ అంతకు రెండింతల వేగంతో అక్కరలేని సిలిండర్ పవరు, అంటే ఒక దిశలో మాత్రమే పనిచేసి చూపును మసకబార్చే పవరు, పోగుపడుతుంది. లెక్కల టీచరు కనుక మీరే వేసి చూడండి: 14 మిల్లీమీటర్ల పొడవులో 1.50 పెరిగితే, 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగేసరికి దాదాపు 1.00 సిలిండర్ చేరుతుంది. అదే యాడ్ 2.50 అయితే 1.80 దాకా పోతుంది. అందుకే అడుగు భాగపు పక్కల నుంచి చూసినప్పుడు అక్షరాలు అలుక్కుపోయినట్టు, నేల ఊగినట్టు అనిపిస్తుంది. ఎంత ఖరీదైన కంపెనీ అయినా ఈ మసకను అటూ ఇటూ సర్దగలదు గాని, మాయం చేయలేదు. 1.50 యాడ్‌తో 46 ఏళ్లకు మొదలుపెట్టినవారు ఒకటి రెండు వారాల్లో దీన్ని మరచిపోతారు. అరవై దాటాక 2.50తో మొదటిసారి పెట్టుకొన్నవారికి ఎక్కువ ఓపిక కావాలి. కనుక పెట్టుకోదలిస్తే ఇప్పుడే పెట్టుకోవడం మంచిది.

కానీ బీరువా పాలైన ప్రొగ్రెసివ్‌లలో నేను చూసినవి చాలావరకు అద్దం తప్పువి కావు, బిగించడం తప్పినవి. కొన్నేళ్ల కిందట ఒక బ్యాంకు ఉద్యోగిని ఖరీదైన జోడు పట్టుకొని వచ్చారు. దూరం బ్రహ్మాండంగా ఉంది గాని, చదవాలంటే గడ్డం పైకెత్తి కప్పు వంక చూసినట్టు కూర్చోవలసి వస్తోందని చెప్పారు. ఆ జోడు ఆవిడ ముఖాన ఉండగానే కంటిపాపకు ఎదురుగా మార్కరుతో చుక్క పెట్టి చూస్తే, అద్దంలో కంటిపాపకు ఎదురు రావలసిన గుర్తు దానికి నాలుగు మిల్లీమీటర్లు కింద ఉంది. ఫ్రేము ముక్కు మీద ఆనుకొనే రెండు మెత్తని బిళ్లలను చిన్న పటకారుతో కొంచెం దగ్గరికి నొక్కాను. ఫ్రేము మూడు మిల్లీమీటర్ల మేర పైకి లేచింది. పత్రిక చేతికిస్తే గడ్డం దించుకొని చదివారు. ఆవిడ ఆరునెలలుగా పడిన బాధ ఆ మూడు మిల్లీమీటర్లే.

కాబట్టి ఎక్కడ కొనాలన్నది ఊరిని బట్టి, బోర్డు సైజును బట్టి తేల్చేది కాదు, కొలిచే మనిషిని బట్టి తేల్చేది. ముందు మీరు ఫ్రేము ఎంచుకోవాలి. నిలువు 30 మిల్లీమీటర్లకు తగ్గనిది, ముక్కు బిళ్లలు సవరించడానికి వీలున్నది తీసుకోండి. సన్నని పట్టీలాంటి ఫ్రేములో చదువుకొనే భాగం కోతలో పోతుంది. ఆ ఫ్రేమును మీ ముఖానికి, చెవులకు సరిగా బిగించిన తరువాతనే కొలతలు తీయాలి. ముక్కు మధ్య నుంచి కుడి కంటిపాప ఎంత దూరం, ఎడమ కంటిపాప ఎంత దూరం అన్నది వేరువేరుగా కొలవాలి; చాలామందికి ఈ రెండూ సమానంగా ఉండవు. ఆ తరువాత కొలిచే మనిషి మీకు ఎదురుగా, తన కళ్లు మీ కళ్లకు సమానమైన ఎత్తులో ఉండేట్టు కూర్చుని, ఫ్రేములో ఉన్న ఉత్తుత్తి అద్దం మీద చుక్కలు పెట్టి, అక్కడి నుంచి ఫ్రేము అడుగు అంచు దాకా ఉన్న ఎత్తు రాసుకోవాలి. పెద్ద షోరూముల్లో ఈ పని కెమెరాతో చేస్తారు, అదీ మంచిదే. తెనాలి షాపులో ఒక పెద్దాయన స్కేలూ మార్కరూ పట్టుకొని ఇదంతా ఓపికగా చేస్తుంటే, గుంటూరు దాకా వెళ్లనక్కరలేదు. గాజు తలుపులు, ఏసీ ఉన్న చోటైనా సరే, చుక్క పెట్టకుండా బిల్లు రాస్తుంటే లేచి వచ్చేయండి. ఇదే కారణంగా, ఫ్రేము ముఖాన పెట్టి ఎత్తు కొలవకుండా ఫోటో చూసి పంపించే ఆన్‌లైన్ అంగడిలో మొదటి ప్రొగ్రెసివ్ కొనవద్దంటాను. ఒట్టి రీడింగు జోడుకు ఆన్‌లైన్ బేరం నాకు అభ్యంతరం కాదు.

ధర విషయానికి వస్తే, మీ యాడ్‌కు 14,500 అవసరం కనిపించదు. మరీ అడుగు రకం కాకుండా, డిజిటల్ పద్ధతిలో మలచినదే అయిన మధ్య రకం అద్దం అడగండి. పల్చగా ఉంటుందని చెప్పి 1.67 రకం (ఈ అంకె పవరు కాదు, అద్దపు పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పేది) అంటగట్టబోతే వద్దనండి; మీ పవరు చిన్నది కనుక మామూలు 1.50 ప్లాస్టిక్కే చాలు, లేదా పిల్లల మధ్య తిరుగుతారు గనుక సులువుగా పగలని పాలికార్బొనేట్ తీసుకోండి. ట్యూబులైట్ల మెరుపు తగ్గించే యాంటీ గ్లేర్ పూతకు ఇచ్చే డబ్బు దండుగ కాదు. నీలి కాంతిని అడ్డుకుంటుందని అమ్మే బ్లూ కట్ మాత్రం మానుకోండి: వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 ప్రయోగాలను కలిపి చూసిన 2023 సమీక్షలో, కంప్యూటరు ముందు కళ్ల అలసట తగ్గడానికి అది ఉపయోగపడుతుందన్న ఆధారం దొరకలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి పవరు కళ్లద్దాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ వరుస ఒకసారి చూసుకోండి. అలవాటు పడకపోతే ఎన్ని రోజుల్లోగా, ఏ షరతు మీద మార్చి ఇస్తారో బిల్లు మీదనే రాయించుకోండి.

కొనేముందు ఒక్క పని. మీ చీటీ షాపులోని మిషన్ మీద రాసినదైతే, ఒకసారి కంటి డాక్టరు దగ్గర పూర్తి పరీక్ష చేయించుకోండి. నలభై దాటినవారికి కంటిలోని ఒత్తిడి, లోపలి రెటీనా చూడడం పవరు చూడడంతో సమానమైన పని. తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యశాల విజయవాడ ప్రాంగణం మీకు దూరమేమీ కాదు.

జోడు వచ్చిన నాడు ఉదయం లేవగానే పెట్టుకోండి, పాతవి సొరుగులో పడేయండి. మార్చి మార్చి పెట్టుకొంటే అలవాటు కానేకాదు. పక్కనున్నది చూడాలంటే కన్ను తిప్పకుండా ముక్కును అటు తిప్పాలి. మెట్లు దిగేటప్పుడు గడ్డం బాగా దించి పై భాగంలోంచి మెట్టును చూడాలి. రెండు మూడు రోజులు స్కూటీ నడపవద్దు. రెండు వారాలైనా కుదుట పడకపోతే మీ కళ్లను తప్పుపట్టుకోకుండా, జోడు తీసుకొని షాపుకే వెళ్లి మళ్లీ చుక్కలు పెట్టి చూడమనండి. అద్దాన్ని వెలుతురుకు వాలుగా పట్టుకొంటే 34 మిల్లీమీటర్ల ఎడంలో రెండు సన్నని చెక్కుడు గుర్తులు కనిపిస్తాయి. చెవివైపు గుర్తు కింద యాడ్ అంకె ఉంటుంది. మీ చీటీలోని 1.50 అక్కడ ఉన్నదో లేదో చూడమని అడిగే హక్కు మీకుంది. మీ సహోద్యోగినీ తన జోడు బీరువాలోంచి తీసి ఇదే పని చేయించమనండి.

ప్రశ్న: నాకు 64 ఏళ్లు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, దూరం బాగా కనిపిస్తోంది. కంటి వెలుగు శిబిరంలో ఇచ్చిన జోడుతో పేపరు చదువుకొంటున్నాను. వ్యవసాయం ఇంకా మానలేదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇరవై వేలు పెట్టి ప్రొగ్రెసివ్ పంపిస్తానని పట్టుబడుతున్నాడు. తీసుకోమంటారా?
– ఒక రైతు, వరంగల్ జిల్లా

జవాబు: వద్దండి. మీ అబ్బాయి ప్రేమను కాదనడం లేదు గాని, మీకు లేని అవసరానికి అది మందు. ఆపరేషన్‌లో పెట్టిన లెన్సుతో దూరం మీకు జోడు లేకుండానే కనిపిస్తోంది. ఇక ప్రొగ్రెసివ్ పెట్టుకొని గట్ల మీద నడిస్తే, కాలి కింది నేల మీకు ఆ అద్దంలోని చదువుకొనే భాగంలోంచి మసకగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలాంటి అద్దాలు వాడే 600 మందికి పైగా వృద్ధుల మీద జరిపి 2010లో ప్రచురించిన ప్రయోగంలో, తరచూ బయట తిరిగేవారికి బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకోవడానికి దూరపు చూపు జోడు విడిగా ఇస్తే పడిపోవడాలు బాగా తగ్గాయి. ఎక్కువగా ఇంటిపట్టునే ఉండేవారిలో మాత్రం, ఎప్పుడైనా బయటికి వెళ్లినప్పుడు పడిపోవడం పెరిగింది. మీరు మొదటి కోవకు చెందినవారు.

తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు జోళ్లు చవకవని చిన్నచూపు చూడనక్కరలేదు. పవరు సరిపోయినంతకాలం ఆ జోడే చదవడానికి చాలు. మెడకు తాడుతో వేలాడదీసుకొంటే పొలంలో మందు డబ్బా మీది అక్షరాలకూ పనికొస్తుంది. పైగా సముద్రాల అవతల కొన్న ప్రొగ్రెసివ్‌కు మీ ముఖం మీద చుక్కలు ఎవరు పెడతారు? అబ్బాయి ఆ డబ్బు పంపితే, ఏడాదికోసారి కంటి పరీక్షకు వాడుకోండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, వయసు 51. నాలుగేళ్లుగా ప్రొగ్రెసివ్ హాయిగా వాడుతున్నాను, కానీ ఆఫీసులో సాయంత్రానికి మెడ పట్టేస్తోంది. ఇంకా ఖరీదైన రకానికి మారాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మారనక్కరలేదు. ప్రొగ్రెసివ్‌లో మానిటరు దూరానికి సరిపోయే భాగం ఇరుకైనది, కిందికి ఉండేది; మీరు దాని కోసం రోజంతా గడ్డం ఎత్తి కూర్చుంటున్నారు. ముందు ఖర్చు లేని పని చేయండి: మానిటరు పై అంచు మీ కంటి మట్టానికి కొంచెం కింద ఉండేట్టు దాన్ని దించి చూడండి. వారంలో తేడా లేకపోతే, కంటి నుంచి మానిటరుకు ఎన్ని సెంటీమీటర్లో టేపుతో కొలిచి కాగితం మీద రాసుకొని వెళ్లి, ఆ దూరానికీ చదవడానికీ మాత్రమే పనికొచ్చే ఆఫీసు లెన్సు వేయించుకోండి. మెరుగు రకం ప్రొగ్రెసివ్ కంటే సాధారణంగా చవకగానే వస్తుంది. దాన్ని ఆఫీసు డెస్కులోనే ఉంచండి, కారు నడపడానికి మాత్రం పెట్టుకోకండి, ఎందుకంటే రోడ్డు దూరానికి అందులో పవరు ఉండదు.