ఇంజెక్షన్ ట్రే దగ్గర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇన్సులిన్, పొటాషియం లాంటివి కలిపేటప్పుడు ఇద్దరు నర్సులు చూసి సంతకం పెట్టాలని మా వార్డు రూలు. రాత్రి డ్యూటీలో రెండో సంతకం మొక్కుబడిగా పడిపోతోంది. దీన్ని పనికొచ్చేలా చేయడం ఎలా?
– స్టాఫ్ నర్స్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: "యాభై యూనిట్లు తీశాను, ఒకసారి చూడక్కా" అన్నారంటే ఆ రెండో చెక్ అక్కడే పోయింది. యాభై అని విన్నాక సిరంజిలో ఆవిడకు యాభయ్యే కనిపిస్తుంది. మీ లెక్క చెప్పకండి. కేస్ షీటు, వయల్, మందు తీసిన సిరంజి చేతికివ్వండి. ఆవిడ విడిగా లెక్క వేసుకున్నాకే రెండూ పోల్చాలి. మహా అయితే ఒక నిమిషం పని.

ఇన్సులిన్ మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది రెండూ దొరుకుతాయి. మందును నెమ్మదిగా ఎక్కించే పంపు కోసం 50 యూనిట్లను సెలైన్‌తో 50 మిల్లీలీటర్లు చేయాలనుకోండి. 40 వయల్ నుంచైతే 1.25 మిల్లీలీటర్లు, 100 వయల్ నుంచైతే 0.5 తీయాలి. 100 వయల్లోంచి 40 సిరంజితో 50 యూనిట్ల లెక్కన లాగితే వెళ్లేది 125 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. ఎర్ర మూత సిరంజి 40 వయల్‌కి, నారింజ మూతది 100 వయల్‌కి. మామూలు సిరంజితో ఇన్సులిన్ తీసే అలవాటు మానేయాల్సిందే.

పొటాషియం క్లోరైడ్ 10 మిల్లీలీటర్ల యాంపూల్‌లో సాధారణంగా 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియం మోతాదుకు వాడే కొలత) ఉంటాయి. దాన్ని నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు. కొన్ని యాంపూల్స్ చూడ్డానికి స్టెరైల్ వాటర్ లాగే ఉంటాయి, అందుకే దాన్ని వార్డు ట్రాలీ మీద ఉంచకుండా విడిగా తాళం వేసి పెట్టమంటారు. ఇంకో తప్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వేలాడుతున్న బాటిల్‌లోకి కింద నుంచి పొటాషియం ఎక్కిస్తే, బరువు వల్ల అది అడుగునే ఉండిపోయి మొదటి చుక్కల్లో చిక్కగా వెళ్తుంది. బాటిల్ దింపి, మందు వేసి, కనీసం పదిసార్లు తలకిందులుగా తిప్పి, అప్పుడు పెట్టండి. మామూలుగా చేతి నరానికి పెట్టే క్యాన్యులా (సన్నని గొట్టం)తో అయితే సాధారణంగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకూడదు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ 5 మిల్లీలీటర్ల వయల్ 5,000 యూనిట్లదీ ఉంది, 25,000 యూనిట్లదీ ఉంది. పెట్టె రంగును నమ్మకండి, అంకె చదవండి.

ప్రశ్న: ఏ మందు ఏ ద్రవంలో కలపాలో గుర్తుండటం లేదు. సెఫ్ట్రియాక్సోన్ యాంటీబయాటిక్‌ని ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ ద్రవం)తో ఎందుకు వద్దంటారు?
– నర్సింగ్ విద్యార్థిని, సికింద్రాబాద్

జవాబు: ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుంది. దానితో కలిసి సెఫ్ట్రియాక్సోన్ గడ్డలు కట్టొచ్చు, పసికందులకైతే ఇది ప్రాణాంతకం. ఫిట్స్ మందు ఫెనిటాయిన్‌కి నార్మల్ సెలైనే వాడాలి, డెక్స్‌ట్రోజ్‌లో పేరుకుపోతుంది. ఫంగస్ మందు యాంఫోటెరిసిన్ బి సరిగ్గా తిరగేసి: 5 శాతం డెక్స్‌ట్రోజే, సెలైన్ వద్దు. బట్టీ పట్టే బదులు పెట్టెలోని కాగితం చదివే అలవాటు చేసుకోండి. కలిపాక మబ్బుగా కనిపిస్తే ఎక్కించకండి.

పౌడర్ కూడా చోటు ఆక్రమిస్తుందని పిల్లల వార్డులో మర్చిపోకండి. 1 గ్రాము సెఫ్ట్రియాక్సోన్‌కి 9.6 మిల్లీలీటర్లు కలిపితే మొత్తం సుమారు 10 అవుతుంది, అంటే మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు. ఈ మందులో తేడా చిన్నదే, అన్నింట్లోనూ అలా ఉండదు. ఇంకొకటి: కొన్ని ప్యాకులతో లిగ్నోకైన్ (తిమ్మిరి మందు) వస్తుంది. అది కండకు వేసే ఇంజెక్షన్ కోసం, నరంలోకి ఎక్కించడానికి కాదు.

ప్రశ్న: సిస్టర్ సిరంజి ముందే నింపుకుని వస్తున్నారు. ఏం మందని అడిగితే కోపం వస్తుందేమో?
– రోగి బంధువు, కూకట్‌పల్లి

జవాబు: నిక్షేపంగా అడగండి. "సిస్టర్, ఇది ఏం మందండీ, నాన్నగారి పేరు ఒకసారి చూస్తారా" అంటే చాలు. సిరంజి మీద మందు పేరు, మోతాదు, కలిపిన టైము, కలిపినవాళ్ల పేరు రాసి ఉండాలి. ఏమీ రాయని సిరంజి అయితే వేయించుకోకుండా కొత్తది కలపమనండి. మీ నాన్నగారికి ఏదైనా మందు పడకపోతే ఆ మాట ప్రతి షిఫ్టులో కొత్త సిస్టర్‌కి చెప్పండి. కానీ ఆమె ట్రే దగ్గర మందు కలుపుతుండగా మాత్రం పలకరించకండి. లెక్క తప్పేది అప్పుడే. మంచం దగ్గరకు వచ్చాక అడగండి.