చిన్న ఊరికి వినోదం కావాలంటే ముందు దీపాలు పెట్టండి

"మాది చిన్న ఊరు. ఉన్న ఒక్క సినిమా హాలూ మూతపడింది, పార్కు లేదు. సాయంత్రమైతే ఎవరి ఫోన్లో వాళ్లు మునిగిపోతున్నారు. తక్కువ ఖర్చుతో వినోదానికి ఏం ఏర్పాటు చేయొచ్చు?" అని అడిగారు. ఇలాంటి ప్రశ్నకు మామూలుగా పార్కు, జిమ్ము, ఈతకొలను అంటూ ఒక పట్టిక వస్తుంది. నేనైతే కొత్తగా ఏదీ కట్టొద్దంటాను. ఉన్న ఖాళీ స్థలంలోనే దీపాలు పెట్టి, రోజూ ఒకే వేళకు వెలిగేలా చూడండి చాలు.

పనికి వెళ్లేవాళ్లకైనా బడి పిల్లలకైనా తీరిక దొరికేది పొద్దు వాలాకే. సరిగ్గా అప్పుడే మైదానం చీకటైపోతుంది. పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయారని తిట్టే పెద్దలు, ఆ వేళకు వాళ్లు వెళ్లడానికి వెలుతురున్న చోటు ఊళ్లో ఒక్కటైనా ఉందేమో చూడాలి.

మొదట పెట్టాల్సింది వాలీబాల్ కోర్టు. క్రికెట్‌కు ఎకరాలు కావాలి, ఫుట్‌బాల్‌కు గడ్డి, దాన్ని కాచుకునే మనిషి కావాలి, షటిల్‌కు గాలి లేని చోటు కావాలి. వాలీబాల్‌కు 24 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున్న నేల చాలు. అందులో కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు. మిగిలింది చుట్టూ 3 మీటర్ల ఖాళీ. పన్నెండు మంది ఒకేసారి ఆడతారు, ఒకరినొకరు గుద్దుకోరు. పైగా ఈ ఆట పుట్టిందే నడివయసు వాళ్ల కోసం. 1895లో అమెరికాలోని హోలియోక్‌లో వ్యాయామ శిక్షకుడు విలియం మోర్గన్, బాస్కెట్‌బాల్ తట్టుకోలేని వ్యాపారస్తులు కాస్త ఒళ్లు కదిలించుకోవడానికి దీన్ని తయారుచేశాడు. అప్పటి నెట్ ఎత్తు ఆరున్నర అడుగులే. ఇది గుర్తుపెట్టుకోండి, నెట్ ఎత్తు దగ్గర పనికొస్తుంది.

కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రం ఒక జట్టుకు సూర్యుడు నేరుగా కళ్లలో పడతాడు, వాళ్లకు సర్వీస్ కనపడదు. మూలలు సరిగ్గా వచ్చాయా లేదా అన్నది కంటితో తేల్చొద్దు. టేపుతో రెండు కర్ణాలూ కొలవండి, రెండూ 20 మీటర్ల 12 సెంటీమీటర్లు రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చిందంటే కోర్టు వంకర పోయినట్టే. నీళ్లు నిలవకుండా మీటరుకు 5 మిల్లీమీటర్ల వాలు ఇవ్వచ్చు, ఆరుబయట కోర్టులకు నిబంధనలు అంతవరకు ఒప్పుకుంటాయి.

సిమెంటు చేయించొద్దు. డబ్బున్న దాత దొరికితే చాలు, ముందు కాంక్రీటు పోయిస్తారు. దాని మీద ఎగిరి దిగితే ఆ దెబ్బంతా మోకాళ్లకూ మడమలకూ పోతుంది, బంతి కోసం దూకినవాడి మోచేతులు గీరుకుపోతాయి. ముప్పై దాటినవాళ్లు నెలలో ఆట మానేస్తారు. గట్టి మట్టికి ఇసుక కలిపి, తడిపి, సగం ఆరాక రోలరు తిప్పిన నేలే మంచిది. ఉత్త బంకమట్టి ఎండకు నెర్రెలు విచ్చుతుంది, ఉత్త ఇసుకలో కాలు కూరుకుపోతుంది. ఆటకు గంట ముందు పలచగా నీళ్లు చల్లితే దుమ్ము లేవదు. గీతలు 5 సెంటీమీటర్ల వెడల్పుతో సుద్దపొడితో వేయండి. కాల్చిన సున్నం వాడొద్దు, చెమట పట్టిన ఒంటికి తగిలితే మండుతుంది, కంట్లో పడితే ప్రమాదం. గీత చెరిగిపోకుండా ఇటుకలు పాతే పని కూడా వద్దు. ఆరుబయట గట్టి వస్తువులతో గీతలు వేయకూడదని నిబంధనే ఉంది, కాలు తట్టుకుంటే వేళ్లు విరుగుతాయి.

స్తంభాలు నేల మీద 2.55 మీటర్లు ఉండాలి, పక్క గీతకు అర మీటరు నుంచి మీటరు దూరంలో. నేరుగా కాంక్రీటులో పాతే కంటే, కాస్త పెద్ద పైపును భూమిలో పాతి స్తంభం అందులోకి దించేలా చేసుకుంటే అదే స్థలం సభకూ సినిమాకూ పనికొస్తుంది. స్తంభం తీసిన వెంటనే ఆ గుంతకు మూత పెట్టాలి. నిలబెట్టడానికి తాళ్లు కట్టి మేకులకు లాగడం నిషిద్ధం. చీకట్లో ఆ తాళ్లకు మెడ తగిలే ప్రమాదం ఉంది.

నెట్ విషయంలో ఎక్కువ చోట్ల జరిగే పొరపాటు, పై అంచులో నైలాన్ తాడు వేయడం. అది సాగుతుంది. సాయంత్రం సరిగ్గా బిగించినా రెండు ఆటలకల్లా నడుమ జారుతుంది, ఇక ఎత్తు గురించి గొడవలు. ఉక్కు తీగ వేయించండి. ఎత్తును నడిమధ్యన కొలవాలి, మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. రెండు చివర్లూ సమానంగా ఉండాలి, నడుమ కంటే 2 సెంటీమీటర్లకు మించి పైకి ఉండకూడదు. పిల్లలకు 2 మీటర్ల దగ్గర మరో కొక్కెం పెట్టించండి. మూడు ఎత్తులకూ స్తంభం మీద రంగు గుర్తులుంటే మార్చడం నిమిషం పని. ఆట అయ్యాక బిగువు వదలాలి, లేకపోతే స్తంభాలు లోపలికి వంగుతాయి.

బంతి చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, బరువు 260 నుంచి 280 గ్రాములు, లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలో. అంటే పంపు గేజీ చూపే పీఎస్‌ఐ కొలతలో 4.3 నుంచి 4.6 దాకానే. సైకిల్ టైరుకు కొట్టినట్టు కొడితే బంతి రాయవుతుంది. కొత్తగా వచ్చినవాళ్ల ముంజేతులు కమిలిపోయి, "మనవల్ల కాదు" అని రెండో రోజు నుంచి రారు. ఆటకు జనం తగ్గారంటే ముందు బంతిని నొక్కి చూడండి. సూదిని పొడిగా గుచ్చొద్దు, తడిపి పెట్టండి, లేదంటే వాల్వు రబ్బరు చిరుగుతుంది.

ఇక అసలు సంగతి, దీపాలు. 200 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు సుమారు 20 వేల ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. నాలుగు పెడితే 80 వేలు. అందులో సగమే నేల మీద పడిందనుకున్నా 360 చదరపు మీటర్లకు 110 లక్స్, అంటే చదరపు మీటరుకు 110 ల్యూమెన్ల దాకా వస్తుంది, సరదా ఆటకు అది సరిపోతుంది. మూడు గంటలు వెలిగితే రెండున్నర యూనిట్లు కూడా కాలదు. ఎక్కడ పెడతామన్నదే ముఖ్యం. కోర్టు చివర్ల వెనక పెడితే సర్వీస్ అందుకునేవాడు బంతి కోసం తలెత్తి దీపాన్నే చూస్తాడు. పక్క గీతల వైపు, గీతకు 4 మీటర్ల అవతల, 8 మీటర్ల ఎత్తున, వైపుకు రెండేసి పెట్టండి. నెట్‌కు ఎదురుగా ఒక్కటీ వద్దు. నీలం కలిసిన తెల్లటి దీపానికి పురుగులు ఎక్కువ మూగుతాయి. కాస్త పసుపు ఛాయవి, డబ్బా మీద 3000 నుంచి 4000 కెల్విన్ అని ఉన్నవి తీసుకోండి. తీగలు పైపులో వేసి భూమిలోంచి తేవాలి, ఎర్తింగ్ ఉండాలి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. తడి నేల మీద చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలున్న చోట దీని గురించి బేరాలాడకూడదు. ఉరుము వినపడితే ఆట ఆపి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

స్విచ్‌కు టైమరు పెట్టి వేళలు పంచండి. ఐదున్నర నుంచి ఆరున్నర పిల్లలకు, ఆరున్నర నుంచి ఏడున్నర ఆడవాళ్లకు, తర్వాత తొమ్మిది దాకా మగవాళ్లకు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి. "అందరికీ అన్నివేళలా" అని వదిలేసిన మైదానం ఎక్కడైనా పది రోజుల్లో పాతికేళ్ల కుర్రాళ్లదే అవుతుంది. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, ముందొచ్చినవాడు దిగడు, అంతే. ఆడవాళ్ల గంటలో నెట్ దించే మనిషి లేకపోతే ఆ గంట కాగితం మీదే ఉండిపోతుంది. మోర్గన్ ఆరున్నర అడుగులకే కట్టాడు కాబట్టి, మొదట్లో ఇంకా దించి ఆడినా తప్పేమీ లేదు.

మధ్యలో ఒక బాధ చెప్పుకోవాలి. నిధులు రాగానే ఆరుబయట జిమ్ము యంత్రాలు దించుతున్నారు. వాటిలో చాలావాటికి బరువు మార్చే వీలుండదు, రెండు వారాలకే ఒంటికి అలవాటైపోతుంది. బేరింగులకు గ్రీజు పెట్టే మనిషి ఉండడు, వానకు తడిసి కిర్రుమంటాయి, ఒక బోల్టు ఊడగానే పిల్లల వేళ్లకు ప్రమాదం. ప్రారంభోత్సవం ఫొటోకు తప్ప దేనికీ పనికిరావు. ఆ డబ్బుకు పదేళ్ల బంతులూ నెట్లూ వస్తాయి.

రెండోది, నెలకో సినిమా. 1895 డిసెంబరు 28న ప్యారిస్‌లో సినిమాకు ఆద్యుల్లో లెక్కించే లూమియేర్ సోదరులు టికెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపించింది కూడా ఒక కఫే కింది గదిలోనే, కాబట్టి హాలు మూతపడిందని దిగులు పడక్కర్లేదు. తేదీ మాత్రం మార్చకండి. మొదటి శనివారం అంటే మొదటి శనివారమే.

గుడ్డ తెర కంటే తెల్లగా, మెరుపు లేకుండా సున్నం వేసిన గోడ మేలు. 4 మీటర్ల వెడల్పు, 2.25 మీటర్ల ఎత్తున్న గుడ్డ అంటే 9 చదరపు మీటర్లు. గంటకు 36 కిలోమీటర్ల గాలి వీస్తే దాని మీద 55 కిలోలకు తగ్గని ఒత్తిడి పడుతుంది. రెండు వెదురు కర్రలు దాన్ని ఆపలేవు, జనం మీదికి కూలతాయి. గోడ లేకపోతే గుడ్డను ఇనుప చట్రానికి రబ్బరు తాళ్లతో కట్టండి, గాలికి సాగి మళ్లీ బిగుస్తుంది. తెర కింది అంచు నేలకు 1.2 మీటర్ల పైన ఉంటే ముందు కూర్చున్నవాళ్ల తలలు అడ్డురావు.

ఈ వెడల్పుకు 3 వేల ల్యూమెన్ల ప్రొజెక్టరు సరిపోతుంది, కానీ బాగా చీకటి పడ్డాకే. సూర్యాస్తమయం అయిన నలభై నిమిషాల దాకా బొమ్మ వెలిసిపోయినట్టే ఉంటుంది. ఆ ఖాళీలో పిల్లలకు చిన్న పోటీలు పెట్టుకోండి. వెన్నెలతో ఇబ్బంది లేదు. పక్కనున్న ఒక్క వీధిదీపం చాలు సినిమాను పాడుచేయడానికి, దాన్ని ఆర్పించే ఏర్పాటు ముందే చూసుకోండి. త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో ప్రొజెక్టరు పెట్టాలో చెప్పే అంకె) 1.5 అయితే ప్రొజెక్టరు తెరకు 6 మీటర్ల దూరంలో, అంటే జనం నడుమ ఉంటుంది. దాని చుట్టూ బల్లలు పెట్టండి, తీగలను నేలకు టేపుతో అంటించండి.

జనాన్ని లేపి పంపేసేది బొమ్మ కాదు, శబ్దం. స్పీకర్లు తెరకు రెండు పక్కలా తల కంటే ఎత్తున పెట్టి, మొఖం ఆఖరి వరుస వైపు వంచండి. బ్లూటూత్‌తో కలిపితే మాట పెదవుల కంటే ఆలస్యంగా వస్తుంది, తీగే వాడండి. గుంయ్ అని హోరు వస్తుంటే ప్రొజెక్టరూ ఆంప్లిఫయరూ వేరువేరు సాకెట్ల నుంచి కరెంటు తీసుకుంటున్నాయేమో చూడండి, ఒకే బోర్డుకు మారిస్తే చాలాసార్లు పోతుంది. లాంపు ప్రొజెక్టరైతే కరెంటు పోగానే ఫ్యాను ఆగి, వేడికి లాంపు ఆయుష్షు తగ్గుతుంది. చిన్న యూపీఎస్ పెట్టండి. టికెట్టు లేకపోయినా నలుగురిలో వేస్తే అది బహిరంగ ప్రదర్శనే, ఇంట్లో చూసుకునే చందా దానికి చెల్లదు. హక్కుదారుల అనుమతి తీసుకోండి, లేదా హక్కుల గడువు తీరిన పాతవి ఎంచుకోండి.

వానాకాలానికి క్యారమ్స్, చదరంగం. క్యారమ్ బోర్డును గోడకు ఏటవాలుగా ఆనిస్తే చెక్క వంగుతుంది, పడుకోబెట్టి దాచండి. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

పెద్ద నగరాలకు లేనిది మీకొకటి ఉంది, చీకటి ఆకాశం. తొమ్మిదికి దీపాలు ఆరాక అదే మైదానంలో చాప వేయండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఒక్క ఫోన్ వెలిగినా మళ్లీ మొదటికొస్తుంది, టార్చికి ఎర్ర కాగితం చుట్టండి. టెలిస్కోపు కొనకండి, 10x50 బైనాక్యులర్స్ (పది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) చాలు. చెయ్యి వణక్కుండా ఏదైనా గట్టుకు ఆనించి చూస్తే గురుగ్రహం పక్కన 1610లో గెలీలియో చూసిన నాలుగు చంద్రుళ్లూ చుక్కల్లా కనిపిస్తాయి. ఉల్కలకు ఆగస్టు 12, 13, డిసెంబరు 13, 14 రాత్రులు మంచివి, చంద్రుడు లేని ఏడాదైతే మరీను.

ఖర్చు సంగతి అడిగారు కాబట్టి క్రమం చెబుతున్నా. మొదటి విడతలో నేల చదును, స్తంభాలు, నెట్, బంతులు మూడు. వాటితో పాటే దీపాలు, టైమరు. ప్రొజెక్టరు రెండో విడతలో, అది కూడా మొదట అద్దెకే. సామాను పెట్టే బీరువాకు తాళంచెవులు రెండు చేయించి రెండు వేర్వేరు ఇళ్లలో ఇవ్వండి. ఒకే మనిషి దగ్గరుంటే, ఆయన ఊళ్లో లేని రోజున పంపు, బంతులు, నెట్ అన్నీ బీరువాలోనే ఉండిపోతాయి.