గండికోటలో టెంట్లు వేయబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

కోట బయట మీ నాయన పట్టా భూమిలో టెంట్లు వేసి అద్దెకిస్తానని రాశావు. మంచిదే, చెయ్యి. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి జనం వస్తూనే ఉన్నారు, ఆ డబ్బేదో మన ఊరి పిల్లలకే రానీ. కానీ ఉత్తరమంతా టెంట్లు ఎన్ని కొనాలనే లెక్కే. బాత్రూముల ఊసే లేదు. అహోబిలంలో బ్రహ్మోత్సవాల జనానికి సత్రం నడిపినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, లెక్క అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

గండికోటకొచ్చే వాళ్లందరూ సూర్యోదయం చూడాలని ఒకేసారి లేస్తారు. చీకట్లో యాభై మంది రెండు తలుపుల ముందు నిలబడితే ఏమవుతుంది? సగం మంది నీళ్ల సీసా పట్టుకుని మాధవరాయస్వామి గుడి వైపు నడుస్తారు. ఊళ్లో తిట్లు నీకే. అందుకని పది మందికొక బాత్రూము, దానికి సరిపడా ట్యాంకరు నీళ్లు ముందు చూసుకో. అవి ఎంత మందికి చాలితే అన్ని టెంట్లే వెయ్యి. శనివారం రాత్రి ఇంకో కారు నిండా వచ్చి బతిమాలినా ఒప్పుకోకు. జమ్మలమడుగు పదిహేను కిలోమీటర్లే, లాడ్జీకి పంపు.

పక్కా గదులు కట్టే ముందు సర్వేయరును పిలిపించు. కోటలో కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వాటి హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం కూడదు. అక్కణ్ణుంచి ఇంకో 200 మీటర్ల దాకా అనుమతి తీసుకోవాలి. కూలగొట్టించాక ఏడ్చి లాభం లేదు.

లోయ అంచున మాత్రం టెంటు వద్దు, ఎంత ఎక్కువిస్తామన్నా సరే. కింద పెన్న దాకా నిలువు బండ, పైన గాలి. ఫోటోల పిచ్చి సరేసరి. తాగి వచ్చినవాణ్ణి పొద్దెక్కేదాకా అటు పోనీయకు. చలిమంట అడిగితే ఒక్కటే వెయ్యి, అదీ గడ్డి చెక్కేసిన చోట. పక్కనే రెండు బిందెల నీళ్లు పెట్టు. నన్నడిగితే ఆ స్పీకర్లు కూడా వద్దనే అంటా. కోట లోపల సంసారాలున్నాయి, పిల్లలు చదువుకుంటారు.

ఇంకొకటి. మసీదు, ధాన్యాగారం దాటి అందరూ లోయ అంచు రాళ్ల మీదికే ఎగబడతారు. నీ వాళ్లలో సగం మందిని ముందు గుడికీ కత్తుల కోనేరుకీ తీసుకుపో, జనం పలచబడ్డాక లోయకు నడిపించు. టిఫిన్ అయ్యాక బెలుం గుహల దారి చూపించు. ఆదివారం మధ్యాహ్నం కోట వాకిట్లో బండ్లు ఇరుక్కోకముందే బయటపడతారు.

చెత్త సంగతి పంచాయతీ చూసుకుంటుందిలే అనుకోకు. టెంట్లు ఖాళీ చేసేటప్పుడే వాళ్ల సీసాలు వాళ్ల చేతే మూటకట్టించు, ట్రాక్టరు కిరాయి అద్దెలోనే వేసుకో.

స్థలం కొలతలు రాసి పంపు. ప్రొద్దుటూరులో నాకు తెలిసిన మేస్త్రీ ఉన్నాడు, బాత్రూముల గుంతలు ఎక్కడ తవ్వాలో వచ్చి చూస్తానన్నాడు. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామ